చీపురు వచ్చింది

"చీపురు వచ్చింది, లేవండి!"

సిరీలో అనేవాడు వేసిన కేక కొండ మీంచి దొర్లుకుంటూ కిందికి వచ్చింది. కసీల్దా తలెత్తి చూసింది. పైన గాలి కనుమలో రాళ్లకు చేరగిలబడ్డ ఇరవై ఒక్క మందీ ఒక్క ఊపున లేచారు. సంచులు భుజాలకెక్కాయి. ఒకడు తోలుతిత్తి పైకెత్తి ఆఖరి గుక్క వైను నోట్లోకి చిమ్ముకున్నాడు. ఒకావిడ నారింజ తొక్కలు కాగితంలో చుట్టుకుంటోంది. అవి బాగా కూర్చున్నవాళ్ల మొహాలు. చెమటలు ఆరిపోయి, బుగ్గలకు రంగొచ్చి, ఇంకాసేపు కూర్చుంటే చలేస్తుందన్నట్టు కాళ్లు ఆడిస్తున్నారు.

కసీల్దాకు నాలుగడుగుల ముందు బెనీతా ఎక్కుతోంది. అరవై ఆరేళ్ల మనిషి. ఆమె ఎక్కడమంటే చేతికర్ర ముందు నాటడం, బరువంతా దాని మీద వేయడం, ఒక కాలు పైకి తేవడం, ఊపిరి కోసం ఆగడం, తర్వాత రెండో కాలు తేవడం. వెనకనుంచి చూస్తుంటే కసీల్దాకు తన మోకాళ్లే నొప్పి పుడుతున్నాయి.

బేహర్ ఊరి ఆదివారం బృందంలో అందరికన్నా వెనక నడిచే మనిషిని చీపురంటారు. ఎవరినీ దారిలో వదిలేయకుండా ఊడ్చుకొచ్చేది కాబట్టి ఆ పేరు. పదకొండేళ్లుగా ఆ చీపురు కసీల్దాయే. ఒకప్పుడు మంచులో ఒకాయన తప్పిపోయి తెల్లవార్లూ గొర్రెల దొడ్లో వణికాడు. అప్పుడు అధ్యక్షుడు ఎవేలియో ఒక నియమం పెట్టాడు. మజిలీ దగ్గర చీపురు కనబడేదాకా ఒక్కరు కూడా కదలకూడదు. ఆ నియమం వల్ల మళ్లీ ఎవరూ తప్పిపోలేదు, నిజమే. కానీ చీపురు కనబడడమంటే బయల్దేరే వేళయిందని అర్థం అయిపోయింది. ముందు వచ్చినవాళ్లు కూర్చుంటారు. వెనక వచ్చినవాళ్లు వచ్చీ రాగానే నడుస్తారు. పదకొండేళ్లలో ఇది ఎవరికీ తప్పుగా తోచలేదు.

బెనీతా కనుమలోకి చేరింది. నోరు తెరిచి గాలి మింగుతోంది.

"వచ్చారా అందరూ?" అని ఎవేలియో అడిగాడు. పోస్టాఫీసులో రిటైరైన మనిషి. అరవై రెండేళ్లొచ్చినా పిక్కలు చూస్తే నలభై దాటినట్టుండదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు కాబట్టి మంచు పడేదాకా నిక్కరే వేస్తాడు.

"వచ్చాం, అందరం," అంది కసీల్దా.

ప్రతి మజిలీలోనూ చెప్పే మాటే అది. అన్నాక గాని ఆమె చూడలేదు. బెనీతా అప్పుడే ఒక చదును రాయి వెతుక్కుని, సంచి పట్టీ ఒక భుజం మీంచి దించుకుంటోంది. ఆ మాట చెవిన పడగానే దొంగతనం చేస్తూ దొరికినట్టు పట్టీని మళ్లీ పైకి లాక్కుంది.

"ఒక్క అయిదు నిమిషాలు కూర్చోనా?" అంది, ఎవరి మొహమూ చూడకుండా.

"ఇక దిగుడే కదా బెనీతా. దిగుడంటే విశ్రాంతే!" అన్నాడు ఎవేలియో. అప్పటికే నడక మొదలుపెట్టాడు.

కసీల్దా గడియారం చూసుకుంది. ముందువాళ్లు కనుమ చేరడం కింద మలుపులోంచి తను చూసింది. అప్పటికి ఇప్పటికి ఇరవై అయిదు నిమిషాలు. బెనీతా కూర్చున్నది ఎంతసేపు? సున్నా. పొద్దుటి నుంచి రెండు మజిలీలు, రెంటికీ కలిపి సున్నా. అయినా కసీల్దా వెనకే నడిచింది.

అరగంట తర్వాత, రాళ్లు జారే వాలులో, బెనీతా మోకాళ్లు వణకడం మొదలయింది. "కాస్త ఆగుదామా?" అని కసీల్దా అంటూండగానే ఆమె ఎడమకాలు పక్కకు పోయింది. బోర్లా పడింది. కళ్లద్దాలు ముక్కలై కనుబొమ్మలోకి దిగాయి.

రక్తం చూసి అందరూ వెనక్కి ఎక్కొచ్చారు. ఎవేలియో భార్య రెమీ తన మెడగుడ్డ విప్పి కట్టు కట్టింది. సిరీలో సంచిలోంచి చక్కెర ముక్క తీసి బెనీతా నోట్లో పెట్టాడు. ఎవేలియో వంగి, గాయం చూసి, పెద్దదేం కాదని తేల్చి, గడియారం వైపు చూశాడు.

"బస్సు అయిదింటికి," అన్నాడు.

"నా వల్ల మీకందరికీ..." అని బెనీతా ఏదో క్షమాపణ చెప్పబోయింది. కట్టు తడిసి నెత్తురు పెదాల మీదికి కారుతోంది. ఆ నెత్తుటితోనే క్షమాపణ చెబుతోంది. కసీల్దాకు అక్కడ మొదలైంది మంట.

*

సోమవారం పొద్దున రొట్టె కొనుక్కుని వస్తూ కసీల్దా సంత వీధి బారు ముందు ఆగింది. ఆదివారం నడక గురించి ఎవేలియో ప్రతివారం ఒక కాగితం రాసి ఆ తలుపు అద్దానికి అంటిస్తాడు. ఊరంతా చదువుతుంది. ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఎత్తు, ఏ డేగ కనబడింది, అన్నీ ఉంటాయి. చివర్లో ఈసారి ఇలా ఉంది: "ఒక సభ్యురాలు తన శక్తికి మించిన దారి ఎంచుకున్నందువల్ల జరిగిన చిన్న ప్రమాదంతో బృందమంతా గంటసేపు ఆలస్యమయింది. కొండ ఎవరినీ మోయదు."

పేరు లేదు. కనుబొమ్మ మీద అయిదు కుట్లతో ఊళ్లో తిరిగే ఆడది ఒక్కతే ఉన్నప్పుడు పేరెందుకు?

కసీల్దా రెండుసార్లు చదివింది. రొట్టె చంకలో నలిగిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది అక్షరాలా అలాగే ఎక్కింది. శక్తికి మించిందట! ఇరవై అయిదు నిమిషాలు కూర్చుని, తిని, తాగి, కాళ్లు చాపుకుని లేచినవాడి శక్తి, ఊపిరి తిప్పుకోనివ్వకుండా తాము తోలుకొచ్చిన మనిషి శక్తితో పోల్చి తూకం వేశాడు పెద్దమనిషి!

ఆ ఏడాది ఊళ్లో రెండు ఉన్ని మిల్లులు మూతపడ్డాయి. మూడోదాంట్లో రఫ్ఫు పనికి ఆరుగురు ఆడవాళ్లు మిగిలారు. వాలుబల్ల మీద బట్ట పరుచుకుని, కిటికీ వెలుతురు కింద, అరచేత్తో నిమురుతూ పోవాలి. కంటికి కనబడని ముడి వేలికి తగులుతుంది. చిన్న పట్టకారుతో ముడిని పైకి లాగి, తెంపి, తెగిన పడుగు దారం బదులు కొత్తది సూదితో పొదగాలి. పేకలో ఒకదాని కింద, ఒకదాని మీద. బాగా చేస్తే చేసినట్టే తెలియకూడదు. కసీల్దా ముప్ఫయ్యేళ్లుగా చేస్తున్న పని ఇదే. ఆ రోజు మొదటి అరగంటలో మూడు మంచి దారాలు తెంపింది.

పక్క బల్ల దగ్గర రెమీ. ఎవేలియో భార్యే, కానీ మిల్లులో ఆమెను ఎవరూ అలా చూడరు.

"చదివావా?" అంది రెమీ, బట్ట మీంచి కళ్లెత్తకుండా.

"చదివాను."

"నాకు పైకి చదివి వినిపించాడు. రెండుసార్లు. 'కొండ ఎవరినీ మోయదు' అన్నది చాలా బాగా కుదిరిందట."

"నువ్వేమన్నావు?"

"చారులో ఉప్పు సరిపోయిందా అన్నాను."

రెమీ బల్ల కింద బూటు విప్పి, మేజోడు లాగేసి, పాదాన్ని చల్లటి సిమెంటు నేల మీద ఆనించింది. బొటనవేలి గోరు నల్లగా, ఊడిపోవడానికి సిద్ధంగా ఉంది. కసీల్దా చూసింది.

"ఎన్నాళ్ల నుంచే అది?"

"ఇది మూడో గోరు. ఆయన పక్కన నడవాలంటే ఇంతే. పెళ్లాం వెనకబడితే బాగుండదుగా అధ్యక్షులవారికి." మేజోడు మళ్లీ తొడుక్కుంది. "బుధవారం మీటింగు పెట్టాడు. ఏదో నియమం తెస్తాడు. నీకు ముందే చెబుతున్నా, అరవకు. నువ్వు అరిస్తే ఆయనకు హుషారు."

*

బుధవారం సాయంత్రం బారు వెనక గదిలో కూర్చున్నారు. గోడకు కొండ పటం, బల్ల మీద ఆలివ్ కాయలు. అందరూ వచ్చారు. బెనీతా కూడా, నుదుట కట్టుతో, గుమ్మం పక్క కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

ఎవేలియో లేచి, కాగితం తీసి చదివాడు. మజిలీకి మొదటి మనిషి చేరిన పదిహేను నిమిషాల్లోగా చేరలేనివాళ్లు ఒకే రోజు రెండుసార్లు అలా ఆలస్యమైతే, ఆ ఏడాదికి కొండ నడకలకు రాకూడదు. వాళ్ల కోసం నెలకొకసారి నది ఒడ్డున చదును నడక ఉంటుంది. చీపురుకు మాత్రం ఇది వర్తించదు. "ఇది ఎవరి మీదా కోపంతో కాదు," అన్నాడు. "అందరి క్షేమం కోసం."

అరవకూడదని కసీల్దా దారి పొడుగునా తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. లేచి నిలబడేసరికి గొంతు దానంతటదే లేచింది.

"క్షేమమా? ఆవిడ పడింది నెమ్మదిగా నడిచినందుకు కాదు. కూర్చోనందుకు. మొన్న మీరంతా కనుమలో ఇరవై అయిదు నిమిషాలు కూర్చున్నారు. ఆవిడ ఒక్క నిమిషం కూర్చోలేదు. అందరికన్నా తక్కువ సత్తువ ఉన్న మనిషికి అందరికన్నా తక్కువ విశ్రాంతి. ఇదెక్కడి లెక్క?"

"కూర్చోవాలంటే ముందు రావాలిగా, కసీల్దా," అన్నాడు ఎవేలియో తాపీగా.

నవ్వారు. అంత పెద్ద నవ్వేం కాదు, మంచివాళ్ల నవ్వే. అదే ఎక్కువ మండించింది ఆమెకు. ఈ ఇరవై మందిలో చెడ్డవాడు ఒక్కడూ లేడు. జబ్బు చేస్తే చారు పట్టుకొస్తారు, చచ్చిపోతే శవపేటిక మోస్తారు. కొండ మీద మాత్రం, తాము కూర్చున్నది తమ కష్టార్జితమనీ, వెనకవాళ్లు నిలబడ్డది వాళ్ల ఖర్మ అనీ మనస్ఫూర్తిగా నమ్ముతారు.

"పోనీ ఆవిడ వచ్చాక మీరు ఇంకో పది నిమిషాలు ఆగితే ఏం పోతుంది?"

"కనుమలో గాలికి కూర్చుని చూడు తెలుస్తుంది. చెమట ఆరాక చలి ఎముకల్లోకి పోతుంది. ఒకరి కోసం ఇరవై మందికి జలుబు చేయించాలా?" ఎవేలియో కాగితం మడిచాడు. "చేతులెత్తండి."

చేతులు లేచాయి. సిరీలో చెయ్యి సగం లేచి, కసీల్దా చూపు తగిలి, చెవి గోక్కోవడానికి వెళ్లి, మళ్లీ పైకే పోయింది. రెమీ ఆలివ్ గింజను పళ్లెంలో పెట్టి, నెమ్మదిగా ఎత్తింది. కసీల్దా గుమ్మం వైపు తిరిగింది. అక్కడ నుదుటి కట్టు పక్కనే, గౌను ముడత సరిచేసుకునేంత బిడియంగా, బెనీతా చెయ్యి కూడా లేచి ఉంది.

బయట వీధిలో ఆమెను పట్టుకుంది కసీల్దా. భుజం పట్టుకుని గోడ వైపు తిప్పింది.

"బుద్ధుందా నీకు? నీ మెడకు నువ్వే తాడు బిగించుకుంటావా?"

"అందరూ ఎత్తారుగా."

"ఎత్తితే?"

"నా ఒక్కదాని చెయ్యి కింద ఉంటే బాగుండదనిపించింది," అంది బెనీతా. తర్వాత, "అరవకు తల్లీ, వీధిలో ఉన్నాం," అంది.

ఇద్దరూ బెనీతా ఇంటిదాకా నడిచారు. కిందింటి గదిలో, కిటికీ పక్క కుర్చీలో బెనీతా మొగుడు సాతూర్ ఉన్నాడు. పక్షవాతం వచ్చిన మనిషి. మెడ చుట్టూ తువ్వాలు కట్టి ఉంది. బెనీతా కోటు విప్పకుండానే ముందు ఆయన గడ్డం తుడిచింది, పక్కకు ఒరిగిన తలను దిండు మీదికి జరిపింది, కాళ్ల మీద దుప్పటి సర్దింది. ఇవన్నీ చేసే చేతులకు కళ్లు అక్కర్లేదు. కసీల్దా నిలబడి చూసింది. రఫ్ఫు పనిలో తన చేతులు కూడా అలాగే పోతాయి.

"ఆదివారాలు మా మేనకోడలు వస్తుంది చూసుకోవడానికి," అంది బెనీతా. "ఆ ఒక్క రోజే దానికి కుదిరేది. మిగతా ఆరు రోజులూ ఈ గదే నాకు. పోనీలే, నెలకొకసారి నది ఒడ్డున అయినా..."

"నోరు ముయ్యి," అంది కసీల్దా.

ఇంటికి పోతూ ఆమె ఎవేలియోను తిట్టుకుంది, చేతులెత్తినవాళ్లను తిట్టుకుంది, బెనీతాను తిట్టుకుంది. వంతెన దాటేసరికి తిట్లు అయిపోయి తను మిగిలింది. "వచ్చాం, అందరం." ఆ మాట అన్నదెవరు? పదకొండేళ్లుగా ప్రతి మజిలీలో, వెనకబడ్డ మనిషి రాయి వెతుక్కునేలోగా, ఆ మాట అని తోలిందెవరు? ఎవేలియో చేసింది నియమం. ఆ నియమం చేతిలో కర్ర తనే. ఈ సంగతి తెలిసిన కొద్దీ కోపం తగ్గాల్సింది పోయి, రెట్టింపయింది.

*

ఆదివారం దారి గొర్రెల ఊట మీదుగా గాలి కనుమకు, అక్కడినుంచి అవతలి వైపు దిగుడు. అక్టోబరు చివర. చెస్ట్‌నట్ తోపులో ముళ్లకాయలు రాలి పగిలి ఉన్నాయి. తోపు దాటేసరికి బృందం తాడులా సాగిపోయింది. ముందు ఎవేలియో, వెనక కసీల్దా, ఆమె ముందు బెనీతా. బెనీతా ఆ రోజు మామూలు కన్నా తొందరగా నడవాలని చూస్తోంది. దాంతో ఇంకా తొందరగా ఆయాసపడుతోంది.

మొదటి మజిలీ అయిన ఊట వంద అడుగులుందనగా, ఆఖరి మలుపు ఇవతల, ఎండ పడే రాతి చాటున కసీల్దా ఆగింది.

"కూర్చో."

"ఇంకెంత, పైనే కదా! పదిహేను నిమిషాలు దాటిపోతాయి!"

"అవి ఎప్పుడో దాటాయి. కూర్చో."

బెనీతా భయంభయంగా కూర్చుంది. కసీల్దా సంచి విప్పి, బంగాళాదుంప అట్టు పెట్టిన రొట్టె తీసి, సగం ఆమె ఒళ్లో పెట్టింది. కందెలారియో ఊరి చోరీసో, కారం పట్టించిన పందిమాంసం సాసేజీ, నాలుగు ముక్కలు కోసింది. గడియారం విప్పి రాయి మీద, ఇద్దరికీ కనబడేలా పెట్టింది.

పైనుంచి నవ్వులు వినిపించాయి, తర్వాత మాటలు, తర్వాత మాటలు లేవు. ఎవేలియో ఈల వేశాడు. మళ్లీ వేశాడు. బెనీతా లేవబోతే కసీల్దా ఆమె కోటు అంచు పట్టుకుని కూర్చోబెట్టింది. కాసేపటికి రాళ్లు దొర్లించుకుంటూ సిరీలో దిగొచ్చాడు. మలుపు తిరిగి, వాళ్లను, రొట్టెను, గడియారాన్ని చూశాడు. మిల్లు రంగుల గదిలో పని చేసిన మనిషి, గోళ్ల చుట్టూ నీలం ఇంకా వదల్లేదు.

"ఇదేం చోద్యం మహాతల్లీ? పైన మాకు పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, మీరిక్కడ విందు చేస్తున్నారా?"

"విశ్రాంతి తీసుకుంటున్నాం. మీరు మొన్న తీసుకున్నంత. ఇంకా పది నిమిషాలుంది."

"ఆయనకేం చెప్పమంటావు?"

"చీపురు ఇంకా రాలేదని చెప్పు. చీపురు కనబడందే కదలకూడదుగా. ఆయన పెట్టిన నియమమే."

సిరీలో ఆమెను ఎగాదిగా చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి, పైకి ఒకసారి చూసి, "పది నిమిషాలేగా," అంటూ బెనీతా పక్కన కూలబడి చోరీసో ముక్క అందుకున్నాడు. బూటు విప్పాడు. మడమ దగ్గర మేజోడు రక్తంతో అతుక్కుపోయి ఉంది. తోపు దగ్గరే బొబ్బ చితికిందట, చెబితే నామోషీ అని ఊరుకున్నాడట.

ముగ్గురూ ఊట చేరేసరికి అక్కడి మనుషులు చేతులు చంకల్లో పెట్టుకుని గెంతుతున్నారు. ఎవేలియో మోకాళ్లు, అంత ముద్దుగా చూపించుకునేవి, ఊదారంగుకు తిరిగాయి.

"నలభై రెండు నిమిషాలు!" అన్నాడు. "బెనీతా, ఇది మొదటిసారి. ఇంకొక్కటి, అంతే. సిరీలో, నువ్వు పిలవడానికి వెళ్లి..."

"నన్ను కూడా రాసుకో, నేనూ ఇప్పుడేగా వచ్చాను," అన్నాడు సిరీలో.

"వచ్చారా అందరూ?"

కసీల్దా ఆయన కళ్లలోకి చూస్తూ నీళ్ల సీసా ఊట కింద పెట్టి, అంచుదాకా నింపి, మూత బిగించింది. జవాబు రాలేదు కాబట్టి ఎవేలియో కదలాలా వద్దా తెలియక ఒక్క క్షణం నిలబడి, విసురుగా వెనుదిరిగి ఎక్కడం మొదలుపెట్టాడు.

కనుమ ఎక్కుడు గంటన్నర. కసీల్దా మళ్లీ ఆపబోతోందని బెనీతాకు తెలుసు. ఇంకొక్కటి జరిగితే తన ఆదివారాలు అయిపోతాయనీ తెలుసు. ఒకచోట ఆగి, వెనక్కి తిరక్కుండానే, "నువ్వు నాకోసం చేస్తున్నావా, ఆయన మీద కోపంతో చేస్తున్నావా?" అని అడిగింది.

"రెండూ," అంది కసీల్దా.

"నది ఒడ్డుకు పోయేది నేను, నువ్వు కాదు."

ఆ మాట కసీల్దా గుండెలో సూటిగా దిగింది. నిజమే. చీపురుకు ఆ నియమం వర్తించదు. తన కోపం ఖరీదు ఇంకొకరు కడుతున్నారు. పోనీ ఆగకుండా ఎక్కించేద్దామా అనుకుంది. ఎక్కిస్తే? పడిపోతే? ఏం చేసినా తప్పే అయ్యేలా ఏర్పాటు చేసినవాళ్లను తిట్టుకుంటూ, కనుమ కింద ఆఖరి మలుపు తిరిగింది.

అక్కడ రెమీ కూర్చుని ఉంది. బూటు పక్కన పెట్టి, నల్లగోరు వేలిని గాలికి ఆరబెట్టుకుంటోంది.

"ఇక్కడేం చేస్తున్నావే?"

"చీపురు కోసం చూస్తున్నా."

ఆమె వెనక, గాలి తగలని గుంటలో, ఇంకా మనుషులున్నారు. సిరీలో ఉన్నాడు. మోకాలికి పట్టీ వేసుకున్న బడి పంతులమ్మ ఉంది. పైన ఒంటేలుకు చాటు ఉండదని ఇక్కడ ఆగానన్నాడు ఒకాయన. వైను తిత్తి ఉన్నచోటే ఉంటానన్నాడు ఇంకొకడు. ఎవేలియోకు బుద్ధి రావాలని ఎన్నాళ్లుగానో చూస్తున్నానంది ఒకావిడ, ఆమె గొడవ వేరే. బెనీతా మీద ప్రేమతో ఆగినవాళ్లు అందులో ఎందరో కసీల్దాకు తెలియదు. లెక్కపెట్టింది. తామిద్దరితో కలిపి పద్దెనిమిది మంది.

బెనీతాకు చోటిచ్చారు. ఆమె కూర్చుంది, ఈసారి ఎవరూ చెప్పకుండానే. అరగంట గడిచింది.

కనుమలో ఎవేలియో, ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. గాలికి కన్నీళ్లు కారుతున్నాయి వాళ్లకు. పద్దెనిమిది మంది గుంపుగా ఎక్కి రావడం చూసి ఎవేలియో జేబులోంచి నోటుపుస్తకం తీశాడు. చలికి కలం వేళ్లలో నిలవడం లేదు.

"నియమం అంటే నియమమే," అన్నాడు. "రెండోసారి. బెనీతా..."

"వరసలో రాయి," అంది రెమీ. ముందుకొచ్చి నిలబడింది, ఒక బూటు కాలికీ, ఒకటి చేతిలోనూ. "ముందు వచ్చింది నేను. పూర్తి పేరు రెమేదియోస్. ఇంటిపేరు గుర్తుందిగా?"

ఎవేలియో ఆమెను చూశాడు, ఆమె కాలిని చూశాడు. ముప్ఫయ్యేళ్లుగా ఆ కాలు తన పక్కనే నడిచింది, అదే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. పుస్తకం మూయలేదు, రాయలేదు. గాలి ఆ పేజీని పటపటా కొట్టింది. చివరికి జేబులో పెట్టుకుని, "సరే. అయితే ఇక అందరికన్నా ముందు ఎవరు నడుస్తారో మీరే చూసుకోండి," అన్నాడు. అలిగిన గొంతు.

"బెనీతా," అంది కసీల్దా.

"నాకు దారి తెలియదు!"

"నీ వెనక ఇరవై రెండు మందికి తెలుసు. నడువు."

అలా దిగారు. ముందు బెనీతా, కర్ర నాటుకుంటూ. ఆమె ముందు మనిషి వీపు లేదు, ఖాళీ దారి ఉంది. మొదట ప్రతి పది అడుగులకూ వెనక్కి చూసింది. తర్వాత ఇరవైకి. తర్వాత చూడడం మానేసింది. ఎవేలియో కావాలనే అందరికన్నా వెనక, కసీల్దాకు ముందు నడిచాడు. అంత చిన్న అడుగులు వేయడం ఆ కాళ్లకు రాదు, ముందువాడి మడమ తొక్కుతున్నాడు.

దారి మధ్యలో నిలువెత్తు బండ ఒకటుంది. దాన్ని ఒక్కొక్కరే, బండకు మొహం పెట్టి, కాలితో మెట్టు వెతుక్కుంటూ దిగాలి. బెనీతా మొదట దిగింది. రెండోవాడు దిగాడు. పైన ఎవేలియో బోర్లా పడుకుని, దిగేవాళ్ల చేతులు పట్టుకుని, సంచులు అందిస్తూ ఉండిపోయాడు. ఎవరూ చెయ్యమనలేదు. అటువంటి పనిలో ఆయన ఎప్పుడూ ఆలోచించడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇరవై ఒక్క మంది దిగేసరికి ఆయన మోచేతులు కొట్టుకుపోయాయి. తర్వాత తను దిగాడు. దిగుతూ ఉండగా ఊదారంగు మోకాలు ఒకటి వణికింది, కసీల్దా పైనుంచి చూసింది. ఆఖరున ఆమె దిగింది.

కింద గడ్డి మీద అందరూ కూర్చుని ఉన్నారు. ముందు దిగిన బెనీతా పావుగంటగా కూర్చుని ఉంటుంది. మొహం తేటపడింది. కట్టు కింద బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఎవేలియో ఒక రాయి చూసుకుని, సంచి పట్టీ ఒక భుజం మీంచి దించాడు.

బెనీతా లేచి నిలబడింది. కర్ర తీసుకుంది. హుషారుగా, మంచి మనసుతో, ఇప్పటిదాకా ఎవరూ ఆమె నోట వినని పెద్ద గొంతుతో, "చీపురు వచ్చేసింది! పదండి, పదండి, చలేస్తోంది!" అంది.

అందరూ లేచారు. ఎవేలియో పట్టీని మళ్లీ భుజం మీదికి లాక్కున్నాడు.

కసీల్దాకు ఒళ్ళు భగ్గుమంది. ఈ మనిషి కోసం మీటింగులో అరిచింది తను, ఈ మనిషి కోసం. అవతల రాతి పక్కన నిలబడ్డ ఎవేలియోను చూస్తే ఆయన మీద కోపం కూడా చల్లారలేదు. ఆ కాగితం ఇంకా బారు తలుపు మీదే ఉంది. అయినా గుంపు మధ్యలోంచి తోసుకుంటూ పోయి, బెనీతా చేతిలో కర్ర లాక్కుంది.

"కూర్చో, బెనీతా," అంది. "ఎవేలియో ఇప్పుడే దిగాడు."